సేంద్రియ సంతలో మనం కొనేదేమిటి?

ఇవాళ మీ చేత ఒక చిన్న పరీక్ష చేయిస్తాను, పిల్లలూ. రెండు గిన్నెలు తెచ్చుకోండి. ఒకదాంట్లో బజార్లో మామూలుగా దొరికే కందిపప్పు పోయండి. రెండోదాంట్లో పాకెట్ మీద ‘ఆర్గానిక్’ అని రాసి ఉన్న కందిపప్పు పోయండి. ఏది ఏదో రాసిన చీటీలు గిన్నెల కింద అంటించి, మీరు చూడకుండా అమ్మని వాటి చోట్లు మార్చమనండి. ఇప్పుడు చూడండి, వాసన పట్టండి, రెండేసి పలుకులు నోట్లో వేసుకుని నమలండి. విడివిడిగా ఉడికించి, ఉప్పు కూడా వేయకుండా రుచి చూడండి. ఏది ఏదో చెప్పగలరా?

ఒక్కోసారి చెప్పగలమనే అనిపిస్తుంది. పాలిష్ పట్టిన పప్పు నిగనిగలాడుతుంది, పట్టనిది కాస్త మసకగా ఉంటుంది. కానీ పాలిష్ వేరు, సాగు వేరు నాయనా. పురుగుమందు కొట్టి పండించిన కందిని కూడా పాలిష్ లేకుండా అమ్మవచ్చు. కంది రకం ఒకటే అయి, మిల్లులో ఆడించిన తీరూ ఒకటే అయితే, మీ కన్నూ ముక్కూ నాలుకా మూడూ ఓడిపోతాయి.

సరుకులు మూడు రకాలని ఆర్థిక శాస్త్రం చదివినవాళ్ళు అంటారు. చీర బాగోగులు కొట్లో ఉండగానే తెలుస్తాయి. మామిడిపండు తీపో పులుపో కోసి తిన్నాక తెలుస్తుంది. మూడో రకం సరుకు మంచిచెడ్డలు కొన్నాకా తెలియవు, వాడాకా తెలియవు. మెకానిక్ బండిలో మార్చానన్న పార్టు నిజంగా మార్చాడో లేదో మనకేం తెలుసు? ఈ మూడో రకానికి 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పేరు పెట్టారు. మనం దాన్ని నమ్మకపు సరుకు అనుకుందాం. సేంద్రియ పంట అచ్చంగా నమ్మకపు సరుకే. పాకెట్‌లో ఉన్నది పప్పే, కానీ మనం ఎక్కువ డబ్బు ఇస్తున్నది ఆ పప్పు వెనకాల ఎవరో రైతు పాటించిన నియమానికి. ఆ నియమం మన కంటికి కనబడదు. అందుకే ఈ వ్యాపారం ఎంత పెరిగితే, నమ్మకానికి కాపలా కూడా అంత పెరగాలి. ఇవాళ నేను చెప్పాలనుకున్న మాట ఇదే. ఇక వివరంగా మాట్లాడుకుందాం.

యూరియా బస్తా లేకుండా నత్రజని ఎక్కడిది?

రైతు పాటించే నియమం ఏమిటో ముందు తెలియాలి. కృత్రిమ ఎరువులు వేయకూడదు. కృత్రిమ పురుగుమందులు, కలుపుమందులు కొట్టకూడదు. జన్యుమార్పిడి విత్తనం వాడకూడదు. ‘వాడకూడదు’ అనడం తేలికే. మరి మొక్క ఏం తిని బతకాలి?

మొక్కకు అన్నిటికంటే ఎక్కువ కొరతగా ఉండేది నత్రజని. మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. కానీ అందులో రెండేసి పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడం మొక్క వల్ల కాదు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగశాలలో ఆ పట్టు విడిపించి, గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేశాడు. కార్ల్ బాష్ ఆ పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఉత్పత్తి మొదలైంది. మన యూరియా బస్తా ఆ వంశంలోదే. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తినే తిండి వెనక ఆ ఫ్యాక్టరీ నత్రజని ఉందని లెక్కలు వేశారు. ఆ మేలు మరిచి మాట్లాడడం తగదు.

అయితే హేబర్‌కంటే కోట్ల ఏళ్ళ ముందే ఆ పట్టు విడిపించడం నేర్చినవి ఉన్నాయి. అవి బ్యాక్టీరియా. పెసర మొక్కనో వేరుసెనగ మొక్కనో జాగ్రత్తగా పీకి వేళ్ళు చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత గులాబీ రంగు ఉంటుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం లాంటి పదార్థం అక్కడ ఉండబట్టే ఆ రంగు. ఆ బుడిపెల్లో కాపురముండే రైజోబియం బ్యాక్టీరియా గాలి నత్రజనిని మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెర ఇస్తుంది. వరి నాటే ముందు జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లి, పూతకొచ్చే వేళకు మడిలో కలియదున్నే అలవాటు మన పెద్దలకు ఉండేది ఇందుకే. సేంద్రియ రైతు పశువుల ఎరువుతో, పచ్చిరొట్టతో, పంట మార్పిడితో ఈ సూక్ష్మజీవులకు తిండి పెడతాడు. అవి మొక్కకు పెడతాయి. చారెడు మంచి మట్టిలో అవి వందల కోట్లలో ఉంటాయి.

పురుగు సంగతి కూడా అంతే. లింగాకర్షక బుట్టలు కట్టి మగ రెక్కల పురుగుల్ని పట్టడం, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టడం, చేను చుట్టూ జొన్నో సజ్జో కంచె పంటగా వేయడం, వేపగింజల కషాయం కొట్టడం, మిత్రపురుగుల్ని బతకనివ్వడం. ఇవన్నీ పని చేస్తాయి. కానీ ప్రతిరోజూ చేనులో తిరిగి ఆకు తిరగేసి చూసే మనిషి కావాలి. మందు డబ్బా చేసే పనిని ఇక్కడ మనిషి తన చూపుతో, ఒంటి శ్రమతో చేయాలి. ధర దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇండోర్ చెత్తకుప్ప

ఈ ఉద్యమం విదేశాల నుంచి దిగుమతి అయిందనుకుంటారు చాలామంది. దాని వేరు మన దేశంలోనే ఉంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయానికి వచ్చాడు. భార్య గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. ఇద్దరూ ఇక్కడి రైతుల పద్ధతుల్ని శ్రద్ధగా గమనించారు. 1924 నుంచి 1931 వరకు హోవార్డ్ ఇండోర్‌లో పరిశోధనాలయం నడిపాడు. పంట వ్యర్థాలు, పేడ, మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలు పొరలుగా వేసి, తడి చూసుకుంటూ తిరగవేస్తూ మంచి ఎరువు చేసే పద్ధతిని అక్కడే తీర్చిదిద్దాడు. దాని పేరే ఇండోర్ పద్ధతి. ఆ పనిలో తోడుగా ఉన్న యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకం కూడా రాశాడు.

ఆ కుప్పలో జరిగే రసాయనం చూడముచ్చటైంది. నత్రజని ఒక వంతు ఉంటే కర్బనం సుమారు 30 వంతులు ఉండేటట్టు ఎండుగడ్డి, పచ్చి ఆకు, పేడ కలిపితే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి కలుపు విత్తనాలు, రోగక్రిములు చాలావరకు చచ్చిపోతాయి. చివరికి మట్టివాసన వేసే నల్లటి ఎరువు మిగులుతుంది.

1940లో హోవార్డ్ మరో పుస్తకం రాశాడు. అదే ఏడాది ఇంగ్లండులో నార్త్‌బోర్న్ ప్రభువు తన పుస్తకంలో ‘ఆర్గానిక్ వ్యవసాయం’ అనే మాట వాడాడు. అమెరికాలో జె.ఐ. రొడేల్ హోవార్డ్ మాటలకు ఆకర్షితుడై 1942లో పత్రిక పెట్టాడు. 1962లో రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ డీడీటీ లాంటి మందుల వల్ల పక్షులకు, చేపలకు జరుగుతున్న హానిని జనం కళ్ళకు కట్టింది. అప్పటినుంచి ‘మాకు మందు కొట్టని తిండి కావాలి’ అనే గొంతు పెద్దదైంది.

సంత ఎంత పెరిగింది?

అమెరికాలో 1990లో సేంద్రియ తిండి అమ్మకాలు సుమారు 100 కోట్ల డాలర్లు. అప్పట్లో అది కొద్దిమంది అభిమానుల వ్యవహారం. ప్రపంచమంతా కలిపితే 2000లో సుమారు 1,500 కోట్ల యూరోల వ్యాపారం. 2023కి అది 13,600 కోట్ల యూరోలకు చేరింది. అంటే దాదాపు తొమ్మిది రెట్లు. అందులో అమెరికా ఒక్కటే 5,900 కోట్లు కొంటోంది. స్విట్జర్లాండులో తలకు సగటున ఏడాదికి 460 యూరోలకు పైగా సేంద్రియ తిండి మీద ఖర్చు పెడుతున్నారు. డెన్మార్క్‌లో తిండి మీద ఖర్చయ్యే ప్రతి 100లో దాదాపు 12 సేంద్రియానికే పోతోంది. పాలు, గుడ్లు, కూరగాయలతో మొదలైన ఈ సంతలో ఇప్పుడు కాఫీ, టీ, పండ్లరసాలు, పసిపిల్లల ఆహారం, బిస్కెట్లు కూడా చేరాయి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. సేంద్రియ సాగులో ఉన్న నేల ప్రపంచంలో సుమారు 9.9 కోట్ల హెక్టార్లు. వినడానికి ఎంతో ఉంది కానీ మొత్తం వ్యవసాయ భూమిలో అది 2 శాతానికి కాస్త పైన. సేంద్రియ రైతుల సంఖ్యలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే. మొత్తం 43 లక్షల మందిలో దాదాపు 24 లక్షల మంది భారతీయులే. కొనేవాళ్ళు ఎక్కువమంది అమెరికాలో, యూరప్‌లో ఉన్నారు. పండించేవాళ్ళు ఎక్కువమంది మన దేశంలో, ఆఫ్రికాలో ఉన్నారు. మధ్యలో వేల మైళ్ళు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఊళ్ళో పాలు పోసే మనిషి మనకు తెలుసు. పాలల్లో నీళ్ళు కలిపితే నిలదీస్తాం. కానీ హాంబర్గ్‌లో కూర్చుని నువ్వుల రొట్టె తినేవాళ్ళు గుజరాత్ రైతును ఎప్పుడూ చూడరు. మరి వాళ్ళకు భరోసా ఎవరివ్వాలి?

నమ్మకానికి కాపలా

1972లో ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో సేంద్రియ వ్యవసాయ సంఘాలు కలిసి ‘ఐఫోమ్’ అనే అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. 1991లో యూరప్ దేశాలు ఉమ్మడిగా చట్టం చేశాయి. అమెరికా చట్టం 1990లో వచ్చినా దాని నిబంధనలు 2002లో పూర్తిగా అమల్లోకి వచ్చాయి. మన దేశంలో జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం 2001లో మొదలైంది. దాన్ని చూసేది ఎగుమతుల సంస్థ ‘అపెడా’.

పద్ధతి ఇలా ఉంటుంది. రైతు గుర్తింపు పొందిన ధ్రువీకరణ సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. నేల పాత మందుల నుంచి తేరుకోవడానికి మార్పిడి కాలం అని ఒకటి పెట్టారు. ఏడాది పంటలకు రెండేళ్ళు, తోటలకు మూడేళ్ళు. ఏ చేలో ఏం వేశాడు, ఏం చల్లాడు, ఎంత పండింది, ఎవరికి అమ్మాడు, అన్నిటికీ లెక్క రాయాలి. తనిఖీ అధికారి వచ్చి చూస్తాడు. పక్క చేను మందు గాలికి కొట్టుకు రాకుండా గట్టు దగ్గర కొంత జాగా వదలాలి. చిన్న రైతులు విడివిడిగా ఈ ఖర్చు భరించలేరు కాబట్టి గుంపుగా సర్టిఫికెట్ తీసుకునే వీలుంది. సరుకు చేను నుంచి రేవు దాకా ఎన్ని చేతులు మారిందో ‘ట్రేస్‌నెట్’ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతుంది.

ఎకరమో రెండెకరాలో ఉన్న రైతుకు ఇదీ భారమే. అందుకని ఇంకో దారి పెట్టారు. ఒక ఊరి రైతులు కనీసం ఐదుగురు గుంపుగా ఏర్పడి, ఒకరి చేను ఒకరు చూసి, ఒకరికొకరు పూచీ పడతారు. దీన్ని భాగస్వామ్య హామీ పద్ధతి, మామూలు మాటల్లో ‘పీజీఎస్’ అంటారు. పక్క చేను రైతు కళ్ళు కప్పి రాత్రికి రాత్రి మందు కొట్టడం ఎంత కష్టమో ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలుసు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాలు పండించే మహిళలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ పద్ధతిని మన దగ్గర ముందుగా పట్టుకున్నవాళ్ళలో ఒకటి. 2017లో మన ఆహార భద్రతా సంస్థ చేసిన నిబంధనల ప్రకారం దేశంలో ‘ఆర్గానిక్’ అని అమ్మే సరుకుకు ఈ రెంటిలో ఏదో ఒక ధ్రువీకరణ ఉండాలి. సొంత పంటను నేరుగా అమ్ముకునే చిన్న రైతులకు మినహాయింపు ఉంది.

యంత్రం ఏం చెప్పగలదు?

‘తాతయ్యా, ఇంత రాతకోతలెందుకు? ల్యాబ్‌లో పరీక్ష చేస్తే తేలిపోదా?’ అని అడుగుతారు మీరు. మంచి ప్రశ్న.

పురుగుమందు అవశేషాన్ని పట్టే యంత్రాలు ఇప్పుడు చాలా చురుకైనవి. యూరప్‌లో ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు సాధారణ పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము. పది టన్నుల లారీలు పది వరసగా నిలబెడితే, ఆ మొత్తం సరుకులో ఒక్క గ్రాము మందు అన్నమాట. అంత తక్కువనూ యంత్రం పట్టేస్తుంది. కానీ అవశేషం లేదంటే సేంద్రియమని అర్థం కాదు. పంట తొలి రోజుల్లో కొట్టిన మందు కోత నాటికి కరిగిపోయి ఉండవచ్చు. అలాగే ఒక రవ్వ దొరికిందంటే ఆ రైతు మోసగాడనీ కాదు. గాలికి వచ్చిందో, కాలవ నీళ్ళలో వచ్చిందో, గోనెసంచికి అంటిందో కావచ్చు.

యూరియా వేశారా అన్నది పట్టడం ఇంకా కష్టం. మొక్క తీసుకున్నాక నత్రజని నత్రజనే. అయినా శాస్త్రవేత్తలు ఒక తెలివైన దారి కనిపెట్టారు. నత్రజని పరమాణువుల్లో రెండు రకాలున్నాయి. ఎక్కువ భాగం 14 బరువువి. ప్రతి వెయ్యిలో నాలుగింటికి కాస్త తక్కువగా 15 బరువువి. ఫ్యాక్టరీ ఎరువు గాలి నుంచి తయారైంది కాబట్టి దానిలో ఈ రెంటి పాళ్ళు గాలిలో ఉన్నట్టే ఉంటాయి. పేడ ఎరువు సంగతి వేరు. కుప్పలో ఉండగా దానిలోంచి అమ్మోనియా ఆవిరై పోతుంటుంది. తూర్పారబట్టినప్పుడు పొల్లు గాలికి పోయి గట్టి గింజ కింద మిగిలినట్టు, తేలిక నత్రజని కాస్త ఎక్కువగా ఎగిరిపోయి, బరువు నత్రజని పాలు ఎరువులో పెరుగుతుంది. ఆ ఎరువు తిన్న టమాటాలో కూడా ఆ తేడా రవ్వంత కనబడుతుంది.

అయితే దీనికీ ఒక హద్దుంది. పప్పుజాతి మొక్క వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా ద్వారా గాలి నుంచే చాలావరకు నత్రజని తీసుకుంటుంది కదా. కాబట్టి మన గిన్నెలోని కందిపప్పు విషయంలో ఈ పరీక్ష తీర్పు చెప్పలేదు. యంత్రం సాక్షిగా పనికొస్తుంది, న్యాయమూర్తిగా కాదు. చేనులోకి వెళ్ళి చూసే మనిషి, రాసిన లెక్క, యంత్రం పరీక్ష, మూడూ కలిస్తేనే నిజం తేలుతుంది.

నువ్వులు నేర్పిన పాఠం

2020 సెప్టెంబరులో యూరప్‌లో ఒక అలజడి రేగింది. మన దేశం నుంచి వెళ్ళిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఆనవాళ్ళు దొరికాయి. ఇది ఒక వాయువు. సాల్మొనెల్లా లాంటి క్రిముల్ని చంపడానికి మసాలా దినుసులకు, గింజలకు పట్టిస్తారు. క్యాన్సర్ తెచ్చే గుణం ఉందని యూరప్‌లో తిండి మీద వాడకం నిషేధించారు. దొరికిన సరుకుల్లో సేంద్రియ ముద్ర ఉన్నవి కూడా ఉన్నాయి. గమనించండి, చేలో రైతు ఏ మందూ కొట్టకపోయినా గోదాములో ఎవరో పట్టించిన వాయువు మొత్తం కష్టాన్ని బూడిద చేయగలదు.

ఆ తర్వాత మన దేశంలోని కొన్ని ధ్రువీకరణ సంస్థల సర్టిఫికెట్లను యూరప్ ఒప్పుకోనంది. అమెరికా 2021లో మన వ్యవస్థతో ఉన్న గుర్తింపు ఒప్పందాన్ని ముగిస్తున్నట్టు చెప్పింది. ఫలితం లెక్కల్లో చూడండి. 2020-21లో మన సేంద్రియ ఎగుమతులు సుమారు 104 కోట్ల డాలర్లు. 2023-24కి అవి 49 కోట్లకు దిగాయి. సగానికి పైగా పోయింది. ఎగుమతి తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి, నమ్మకం సడలడం కూడా అందులో ఒకటి. తర్వాత నిబంధనలు బిగించి, 2025 జనవరిలో జాతీయ కార్యక్రమం ఎనిమిదో ఎడిషన్ తెచ్చారు. ఎగుమతులు మళ్ళీ కొంత కోలుకున్నాయి. ఈ మొత్తంలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఏ తప్పూ చేయని చిన్న రైతే. నాకు బాధ కలిగించేది అదే.

ధర ఎందుకెక్కువ?

దిగుబడి మొదటి కారణం. 2012లో వెరెనా స్యూఫర్ట్, ఆమె సహచరులు ‘నేచర్’ పత్రికలో వేసిన లెక్కలో సేంద్రియ దిగుబడి సగటున 25 శాతం తక్కువ అని తేలింది. పంటను బట్టి, నేలను బట్టి ఆ తేడా 5 నుంచి 34 శాతం దాకా ఉంది. మార్పిడి కాలంలో ఇంకా కష్టం. దిగుబడి పడిపోతుంది, సేంద్రియ ధర మాత్రం ఇంకా రాదు. కలుపు తీతకు కూలి ఎక్కువ. సర్టిఫికెట్ ఖర్చు ఉంది. మిల్లులో మామూలు సరుకుతో కలవకుండా యంత్రాలు శుభ్రం చేసి విడిగా ఆడించాలి. నిల్వలో పురుగు పట్టకుండా మామూలు గోదాముల్లో మందు బిళ్ళలు పెడతారు. ఇక్కడ అవి కుదరవు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ నింపడం, గాలి తీసేసిన సంచుల్లో కట్టడం లాంటివి చేయాలి. మీ ఇంటికొచ్చిన సేంద్రియ బియ్యంలో ముక్కపురుగు కనబడితే కంగారు పడకండి. ఎండలో పోసి, జల్లించి, గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ఈ ఖర్చులన్నీ పోను, దళారులు తీసుకున్నది పోను, రైతు చేతికి ఎంత వచ్చిందన్నది అసలు ప్రశ్న. రైతు సంఘాలు సొంతంగా అమ్ముకున్న చోట్ల ఆ వాటా బాగుంటుంది.

మన నేల మీద జరిగిన పని

ఈ విషయంలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ తల ఎత్తుకుని నిలబడగలవు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం పత్తి పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయి, వేపగింజలతో, లింగాకర్షక బుట్టలతో పురుగును ఎదుర్కొని 2003 నాటికి మందు మానేసింది. నేటి జనగామ జిల్లాలోని ఏనబావి ఇంకో అడుగు వేసి ఎరువులూ మానేసి, ఊరంతా సేంద్రియమని 2006లో చాటుకుంది. హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం లాంటి సంస్థలు వాళ్ళకు అండగా నిలబడ్డాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. నాంది ఫౌండేషన్ వాళ్ళతో సహకార సంఘం కట్టించి, సేంద్రియ కాఫీగా తయారు చేసింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కొట్టు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో ఆ కప్పుకు ధర పలికేది రుచి వల్ల, ఏ కొండమీద ఎవరు పండించారో చెప్పగలగడం వల్ల.

హైదరాబాదులో శీలం రాజశేఖర్ రెడ్డి 2004లో స్రేష్ఠ సంస్థ పెట్టి ‘24 మంత్ర’ పేరుతో పప్పులు, బియ్యం, మసాలాలు అమ్మడం మొదలుపెట్టారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇండియన్ స్టోర్‌కి వెళితే ఆ పాకెట్లు కనబడతాయి. 2025లో ఐటీసీ ఆ సంస్థను 472 కోట్ల రూపాయల దాకా విలువ కట్టి కొంది. ఒకప్పుడు కొద్దిమంది చాదస్తం అనుకున్న వ్యాపారంలోకి పెద్ద కంపెనీలు దిగుతున్నాయనడానికి ఇది గుర్తు.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో, ఎక్కువగా మహిళా సంఘాల ద్వారా లక్షలమంది రైతులకు చేరింది. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి చేసే జీవామృతం మీకు తెలుసు. వానకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం ఇక్కడి రైతులు బాగా పెంచిన పద్ధతి. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పది లక్షల యూరోల బహుమతిని ఈ కార్యక్రమానికి, మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌కు, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థకు కలిపి ఇచ్చింది. అయితే ఈ పంటలో చాలా భాగానికి సర్టిఫికెట్ లేదు. మామూలు పంటతో కలిసి మామూలు ధరకే పోతోంది. వీళ్ళ కష్టాన్ని సంతకు చేర్చే దారి వేయడం మన ముందున్న పెద్ద పని.

తొందరపాటు మాత్రం పనికిరాదు. సిక్కిం 2003లో నిర్ణయం తీసుకుని, మెల్లగా నడిచి, 2016 జనవరికి పూర్తి సేంద్రియ రాష్ట్రమైంది. అక్కడ ఎరువుల వాడకం మొదటినుంచీ తక్కువే. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు తోటలు దెబ్బతిన్నాయి. నవంబరుకల్లా ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. నేల జీవం పుంజుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ప్రభుత్వ ఉత్తర్వుతో అది వేగం పెంచుకోదు.

ఒంటికి మంచిదేనా?

దీనికి ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పుకుందాం. 2012లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు రెండు వందలకు పైగా అధ్యయనాలు కలిపి చూశారు. పోషకాల్లో పెద్ద తేడా ఉందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. పురుగుమందు అవశేషాలు మాత్రం సేంద్రియ పంటల్లో తక్కువ. 2014లో బ్రిటన్ పరిశోధకులు చేసిన ఇంకో పెద్ద సమీక్షలో యాంటీ ఆక్సిడెంట్లు కొంత ఎక్కువగా, కాడ్మియం అనే హానికర లోహం తక్కువగా కనబడ్డాయి. ఆ తేడా వల్ల మనిషి ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు.

నా మటుకు నేను మందు తగ్గడం వల్ల మొదటి మేలు పిచికారీ పంపు వీపున మోసే రైతుకు, కూలికి జరుగుతుందంటాను. మన పళ్ళెంలోకి వచ్చేది రవ్వంత. వాళ్ళ ఒంటి మీద పడేది ఎన్నో రెట్లు. తర్వాతి మేలు చెరువుకు, తేనెటీగకు, మట్టికి.

ఇంకో మాట. సేంద్రియ చక్కెర కూడా చక్కెరే. సేంద్రియ నూనెలో వేయించిన చిప్స్ కూడా చిప్సే. మధుమేహం ముద్రను చూసి వెనక్కి పోదు. అలాగే, డబ్బు చాలక మామూలు కూరగాయలు కొనుక్కునే ఇంటివాళ్ళు తమ పిల్లలకు ఏదో విషం పెడుతున్నామని కుమిలిపోనక్కరలేదు. పారే నీళ్ళలో బాగా కడిగి వండుకోండి. కూరలు తక్కువ తినడం కంటే మామూలు కూరలే ఎక్కువ తినడం ఎంతో మేలు.

మరి కొనేటప్పుడు ఏం చేయాలి?

పాకెట్ మీద పచ్చరంగు, ఆకు బొమ్మ, ‘నేచురల్’, ‘ఫార్మ్ ఫ్రెష్’ లాంటి మాటలు చూసి ఆగిపోకండి. సరుకు సేంద్రియమనడానికి అవి పూచీ కావు. ‘జైవిక్ భారత్’ గానీ ‘ఇండియా ఆర్గానిక్’ గానీ, పీజీఎస్ ముద్ర గానీ ఉందా చూడండి. ధ్రువీకరణ సంస్థ పేరు, నంబరు రాశారా చూడండి. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ రైతు ఇంకా మార్పిడి కాలంలో ఉన్నాడని అర్థం. అతనికి డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమైన రోజులవి, వీలుంటే అదీ కొనండి. విడిగా పోసి అమ్మే చోట ‘ఇది ఏ ఊరిది? ఎవరు పండించారు? సర్టిఫికెట్ ఉందా?’ అని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే రోజూ తినే ఒక్క వస్తువుతో, బియ్యంతోనో పప్పుతోనో మొదలుపెట్టండి. మీకు అందే దూరంలో రైతు సంఘం ఉంటే దాని దగ్గరే కొనండి, సెలవుల్లో వెళ్ళి ఆ చేను చూసి రండి.

ప్రభుత్వాలు చేయాల్సింది కూడా ఉంది. జిల్లాకొక నమ్మకమైన పరీక్షాశాల, రైతుకు భారం కాని సర్టిఫికెట్, మార్పిడి కాలంలో చేయూత, దొంగముద్ర వేసినవాళ్ళకు త్వరగా శిక్ష. ఇవి అడగడం మన హక్కు.

రైతు చేసిన కష్టం గింజలో కనబడదు కాబట్టే దానికి సాక్ష్యం కావాలి. చేను చూసే తనిఖీదారు, పూచీ పడే పక్క రైతు, లెక్క తప్పని యంత్రం, ముందు అడిగి ఆ తర్వాతే కొనే మీరు, నలుగురూ ఆ సాక్ష్యంలో భాగస్వాములే. మొదటి ముగ్గురూ తమ పని సరిగా చేసేటట్టు చూసేది నాలుగో మనిషే. కాబట్టి మొహమాటపడకుండా అడగండి, పిల్లలూ. అడిగి తెలుసుకున్నది పదిమందికీ చెప్పండి.